నా మీద నేనే పాడుకున్న చీటీ

నేను జీవితంలో తెలిసి తెలిసి తీసుకున్న మొదటి రిస్కు, తొమ్మిదో క్లాసు లెక్కల పరీక్షకి పుస్తకం విప్పకుండా వెళ్ళడం. ఆ పెట్టుబడి మొత్తం మునిగిపోయింది. ఆ తర్వాత బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలేనో, ఆ నింద ఇప్పటికీ ఒకరి మీద ఒకరం తోసుకుంటూనే ఉన్నాం. అయినా సరే, డబ్బు విషయంలో మావాళ్ళు ఎంత పిరికివాళ్ళో చెప్పమంటే మాత్రం, మా హథ్‌ఖోజ్ కార్ఖానాల పేటలో టీ బండి దగ్గర నాకన్నా పెద్ద ప్రొఫెసరు లేడు.

మావాళ్ళంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటులో పనికని భిలాయి వచ్చి, ఇక్కడే రిటైరైపోయినవాళ్ళు. మా నాన్న కోక్ ఒవెన్లలో పనిచేసేడు. డ్యూటీ అంతా మంట పక్కన నిలబడి, ఇంటికొచ్చి పాలు చల్లారాక గాని తాగడు. ఆయన డబ్బు పెట్టే చోటికి ఒక తాళమైనా ఉండాలి, రబ్బరు స్టాంపైనా ఉండాలి. పోస్టాఫీసుకి స్టాంపుంది. బ్యాంకు డిపాజిట్‌కీ ఇన్సూరెన్సుకీ స్టాంపుంది. బీరువాలో బంగారానికి తాళముంది. షేర్లూ ఫండ్లూ అన్న మాట ఎవరైనా ఎత్తితే, "దానికి తాళం ఎక్కడేస్తారు?" అని నిజంగానే అడిగేవాడు. నేను ఈ ప్రశ్నని టీ బండి దగ్గర మా నాన్న గొంతుతో అనుకరించి చాలా టీలు ఊరికే తాగేను. ఆయన ముందు కూడా అనుకరించేను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. తాళం చెవులు ఒకసారి తడుముకున్నాడంతే.

ఇవన్నీ కాక ఇంకోటి ఉంది గాని దాన్ని మావాళ్ళెవరూ పెట్టుబడి అనరు. చీటీ. భిలాయిలో మేముండే రిసాలి పేటలో మా తెలుగు ఇళ్ళన్నిటికీ చీటీ నడిపేది ఒక అత్త. భర్త ప్లాంటులో ఉండగానే పోయేడు. ఆవిడ వరసకి అందరికీ ఒకటే కాదు, కానీ అందరికీ అత్తే. నెలకోసారి, జీతాలూ పెన్షన్లూ పడ్డాక వచ్చే ఆదివారం, ఆవిడ వరండాలో చాప మీద కూర్చుంటాం. అందరం వాయిదా కడతాం, ఒకరు మొత్తం ఎత్తుకుంటారు. డబ్బు ముందే కావలసినవాడు 'ఇంత వదులుకుంటాను' అని పాట పాడాలి. ఎవరు ఎక్కువ వదులుకుంటే చీటీ వాళ్ళది. వదులుకున్నది మిగతా ఇళ్ళకి పంచుతారు, వాళ్ళ వాయిదా ఆ మేరకి తగ్గుతుంది.

కానీ మా చీటీలో ఎవరూ పాడరు. అదే మా ఆచారం. "ఎవరైనా పాడతారేటి?" అని అత్త అడగ్గానే అందరం తలలెత్తి ఫ్యాను చూస్తాం. కరెంటు లేని రోజున కూడా దాన్నే చూస్తాం. చివరికి అత్త పేర్లు రాసి డబ్బాలో వేసి లాటరీ తీస్తుంది. ఎందుకంటే పాట పాడడమంటే మా ఇంట్లో ఏదో మునిగిందని నిలబడి చెప్పుకోవడమే. ఒకసారి ఒకాయన పాడితే వాళ్ళమ్మకి గుండె ఆపరేషను. ఇంకొకాయన పాడితే ఉద్యోగంలోంచి తీసేసేరు. పాడిన మనిషికి పోటీ ఎవరూ రారు. పాపం కదా మరి. ఈ ఆచారం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసినదాన్ని అవసరానికి మర్చిపోవడంలో నాకు మంచి పేరుంది.

ఇప్పుడు నా అవసరం చెప్తాను.

నేను పని చేసేది హథ్‌ఖోజ్‌లో ఒక రేకుల షెడ్డులో. అందులో ఒక పాత లేతు మిషను. ఇనప ముక్కని బిగించి తిప్పితే, ఉలి తగిలి గుండ్రంగా చెక్కుకుపోతుంది. దాని పని అంతే, నా పనీ అంతే. దాని చుట్టూ ఇనప పొట్టు ఊడ్చే హెల్పరుగా చేరేను, దాని మీదే చెయ్యి తిరిగింది. వయసులో నాకన్నా పెద్దది. పొద్దున్నే స్విచ్చి వేస్తే కాసేపు దగ్గుతుంది, తర్వాత గొంతు సవరించుకుని మొదలెడుతుంది. ఎక్కడ వణుకుతుందో, ఎక్కడ అబద్ధం చెప్తుందో నాకు తెలుసు. మా ఆవిడ గురించి కూడా నాకు ఇంత తెలీదు. ఈ మాట ఆవిడ ముందే అన్నాను, ఆ పూట నాకు కూర లేదు.

షాపు సేఠ్‌జీది. వాళ్ళు తాతల కాలం నుంచీ వ్యాపారస్తులు. పెద్దవాడైపోయేడు, కొడుకు రాయపూర్‌లో టైల్సు దుకాణం పెట్టుకుని ఇనుము మొహం చూడనన్నాడు. ఒకరోజు సేఠ్‌జీ నన్ను పిలిచి హిందీలో చెప్పేడు: "బేటా, విశ్వకర్మ పూజ వరకూ నడుపుతాను. పూజ అయిన మర్నాడు మిషను అమ్మేస్తాను. జాముల్ నుంచి కబాడీవాడు వచ్చి తూకం లెక్కన అడిగేడు. నువ్వు తీసుకుంటానంటే నీదే, షెడ్డు అద్దె కూడా నీ పేర రాయిస్తా."

కబాడీవాడు తీసుకుంటే దాన్ని ముక్కలు చేసి తుక్కుగా అమ్ముతాడు. అది ముక్కలైతే నేనూ ముక్కలే. మిగతా షాపులన్నిటికీ కంప్యూటరు మిషన్లు వచ్చేసేయి. వాటి ముందు నిలబడ్డానికి సర్టిఫికెట్టు అడుగుతారు. నా దగ్గర ఉన్నది ఎనిమిదో క్లాసు మార్కుల కాయితం, అందులో కూడా మార్కులు పెద్దగా లేవు. కాబట్టి పూజ లోపల ఆ మిషను కొనాలి, లేదా ఈ వయసులో మళ్ళీ ఎక్కడో పొట్టు ఊడ్చుకోవాలి.

బ్యాంకుకి వెళ్ళేను. మిషను ఏ సంవత్సరం నాటిదని అడిగేరు, చెప్పేను. మీ చదువేమిటని అడిగేరు, అదీ చెప్పేను. ఇద్దరికీ లోను రాలేదు.

మా ఆవిడ మెళ్ళో గొలుసు వైపు ఒకసారి చూసేను. చూసేనంతే, నోరు విప్పలేదు.

"అటు చూడకండి," అంది.

"బంగారం కూడా పెట్టుబడేనే. అవసరానికి కదా."

"అది పెట్టుబడేటి? అది నా మెడ. మీ మిషనుకి మీ మెడ పెట్టుకోండి."

మిగిలింది చీటీ. చీటీ డబ్బుకి నా దగ్గరున్న కాస్తా కలిపితే మిషను సరిగ్గా వచ్చేస్తుంది. నేను ప్లాంటు తుక్కు వేలంపాటలు చూసినవాణ్ణి. అక్కడ వ్యాపారులు ఒకరి మాట మీద ఇంకొకరు మాట వేసుకుంటూ పోతారు, నోరు ఆగినవాడు ఓడిపోయినట్టే. నేను కూడా గట్టిగా పాడాలి, రిస్కు అంటే ఏటో మావాళ్ళకి చూపించాలి అనుకుని, ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేను.

"ఎవరైనా పాడతారేటి?" అంది అత్త, డబ్బా చేత్తో పట్టుకుని.

అందరూ ఫ్యాను వైపు తలలెత్తేరు. నేను లేచేను. "పది వేలు వదులుకుంటా!"

తలలన్నీ కిందికి దిగేయి. ఎవరూ మాట్లాడలేదు. నిశ్శబ్దం నాకు పడదు, చిన్నప్పటినుంచీ అంతే. మాస్టారు ఎవడ్రా అల్లరి చేసింది అని అడిగి ఊరుకుంటే, చెయ్యనివాడినైనా నేనే అని లేచేసేవాణ్ణి.

"పదిహేను!"

చాప మూలనుంచి ఎవరో "అయ్యయ్యో" అన్నారు. నేను దాన్ని పోటీ అనుకున్నాను.

"ఇరవై!"

అత్త కళ్ళజోడు పెట్టుకుంది. "ఒరే, ఒరే, నీ మీద నువ్వే పాడుకుంటన్నావేటిరా?"

"పోటీ గట్టిగా ఉందత్తా."

"ఎవరితోటిరా?"

అప్పుడు చుట్టూ చూసేను. అందరూ నన్ను, స్ట్రెచరు మీద తీసుకెళ్తున్న మనిషిని చూసినట్టు చూస్తన్నారు. ఇంక ఆపు అని నా నోటికి నేను చెప్పేలోపల అది "ముప్పై" అనేసింది.

"చాల్రా బావూ," అంది అత్త, గొంతు చాలా మెత్తగా. "నీకే ఇచ్చీసేను. కూర్చో. కాసిని నీళ్ళు తాగు."

పది వేలతో అయిపోయే పాటని, ఎదర ఎవరూ లేకుండా, ముప్పైకి లాక్కెళ్ళినవాణ్ణి మా చీటీ చరిత్రలో నేనొక్కణ్ణే. చాప చివర, చెప్పుల దగ్గర కూర్చున్న మా నాన్న అప్పుడు కూడా తాళం చెవులు తడుముకున్నాడు.

మర్నాడు పొద్దున్న పక్కింటి పిన్ని గిన్నెలో గంజి తెచ్చింది.

"ఉప్పు వెయ్యలేదమ్మా," అంది మా ఆవిడతో. "కిడ్నీకి ఉప్పు పడదంట కదా."

"ఎవరి కిడ్నీ?"

"మా దగ్గర దాపరికం ఎందుకే. ముప్పై వేలు వదులుకున్నాడంటే మామూలు జబ్బు కాదని అందరికీ తెలిసీపోనాది."

మధ్యాహ్నానికి విజయనగరం నుంచి మా మావగారి ఫోను. విశాఖలో తెలిసిన డాక్టరున్నాడట. సాయంత్రం, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మావయ్య వచ్చేడు. చర్చిలో మా కుటుంబం కోసం ప్రార్థన చేయించేడట. గంజి గిన్నెలు రోజూ వచ్చేయి. నేను వదులుకున్న ముప్పై వేలే ఆ ఇళ్ళన్నిటికీ పంచేరు కాబట్టి, నా డబ్బుతో కాచిన గంజి నాకే ఉప్పు లేకుండా తెచ్చేరన్నమాట.

షాపులో సంగతి దీనికి తలకిందులు. నేను అప్పు లాంటిదేదో తీసుకున్నానని టీ బండి ద్వారా తెలిసి, సేఠ్‌జీ పాలకోవా తెప్పించేడు. "షాబాష్! అప్పు చేసేవా? ఇన్నాళ్ళకి మగాడివయ్యేవు!" అని భుజం తట్టేడు. వాళ్ళ ఇళ్ళల్లో అప్పు చేసేడంటే కుర్రాడు పనిలో పడ్డాడని. మా ఇళ్ళల్లో అప్పు చేసేడంటే మంచాన పడ్డాడని. డబ్బు ఒకటే, రూపాయి మీద బొమ్మ కూడా ఒకటే. ఎవరింటి గుమ్మం దాటి వచ్చిందో దాన్ని బట్టి పాలకోవా వస్తుంది, లేదా గంజి వస్తుంది.

కోవా నోట్లో ఉండగానే సేఠ్‌జీ ఇంకో మాట చెప్పేడు. నేను భోజనానికి వెళ్ళినప్పుడు ఎవరో పెద్దాయన వచ్చేడట. మిషను చుట్టూ తిరిగేడు, మోకాళ్ళ మీద వంగి కింద దేన్నో పట్టుకుని లాగి చూసేడు, ధర కూడా అడక్కుండా వెళ్ళిపోయేడు. కబాడీవాడు బరువు అంచనా వెయ్యడానికి మనిషిని పంపేడని నాకు అర్థమైపోయింది. మిగతా కోవా పక్కన పెట్టేసేను.

తొందరపడాలి. కానీ చీటీ పాడుకున్నంత మాత్రాన డబ్బు చేతికి రాదు. మధ్యలో వాయిదాలు ఎగ్గొట్టకుండా, చీటీలో ఉన్న ఇంకో ఇంటివాళ్ళు ఎవరైనా జామీను సంతకం పెట్టాలి. అది అత్త నియమం.

గార్డు మావయ్య పిలవకుండానే పెన్ను జేబులో పెట్టుకుని వచ్చేడు. "నీ కిడ్నీకి నేను జామీనురా బావూ. ఎక్కడ పెట్టాలో చెప్పు."

నోరు మూసుకుంటే అయిపోయేది. నా నోటికి మూత ఉంటే నేను ఇలా ఎందుకుంటాను?

"నా కిడ్నీలు బాగున్నాయి మావయ్యా. డబ్బు మిషను కోసం."

"మిషనా? రక్తం కడిగేదేటి? ఇంట్లోనే పెట్టించుకుంటన్నావేటి?"

"కాదు మావయ్యా, లేతు మిషను. సొంతంగా పని చేసుకుందామని. వ్యాపారం."

ఆయన పెన్ను మూత పెట్టేసేడు. కోపంగా కాదు, బాధగా. "రోగానికైతే పెడతాను బావూ. వ్యాపారానికి ఎలా పెడతాను? రోగం ఎవరికైనా వస్తాది. ఇది నువ్వు కావాలని తెచ్చుకుంటన్నావు."

ఆ రోజునుంచీ గంజి ఆగిపోయింది. ఇంటింటికీ వెళ్ళి అడిగేను. మర్యాదలో ఎవరూ లోటు చెయ్యలేదు, టీ ఇచ్చేరు, ఇప్పుడు అందులో చక్కెర కూడా వేసేరు. సంతకం మాత్రం పెట్టలేదు. ఒకాయన, ఎత్తిన చీటీ డబ్బు తీసుకెళ్ళి ఫిక్సుడు డిపాజిట్‌లో వేసుకొమ్మన్నాడు. మావాళ్ళు డబ్బు పోతుందని భయపడతారని నేను ఇన్నాళ్ళూ వెక్కిరించేను. అది కాదు. రోగంలో ఎంత పోయినా వాళ్ళకి భయం లేదు, దాన్ని దేవుడు పట్టుకెళ్ళినట్టు. మన చేత్తో మనం పోగొట్టుకున్నామని పదిమంది అనడమే భయం. నష్టానికి కాదు, సాక్షులకి భయపడతారు. ఈ తత్వం నాకు బోధపడే వేళకి పూజ దగ్గరికొచ్చేసింది. తత్వం వచ్చింది గాని సంతకం రాలేదు.

అడగని మనిషి ఒక్కడే, మా నాన్న. ఆయన ఇల్లు వేరు, ఇదే చీటీలో ఆయన వాటా వేరు, నియమం ప్రకారం ఆయన పెట్టొచ్చు. కానీ తాళం ఎక్కడేస్తారు అని ఊరంతటికీ ఆయన గొంతుతో చెప్పి టీలు తాగినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

పూజకి ముందు ఆదివారం అత్త అందరినీ పిలిచింది. ఇవాళ జామీను రాకపోతే నా చీటీ రద్దు చేసి లాటరీ తీస్తానంది. నేను లేచి ఉపన్యాసం మొదలెట్టేను.

"మీరు రిస్కు తీసుకోరా? నెలనెలా ఏ స్టాంపూ లేకుండా, ఏ తాళమూ లేకుండా, ఇంత డబ్బు తెచ్చి అత్త కొంగులో పోస్తన్నారు కదా! అత్త రేపు పొద్దున్న ఆ డబ్బుతో రైలెక్కీసిందనుకోండి, ఏటి చేస్తారు?"

అందరూ అత్త వైపు చూసేరు. అత్త తాపీగా కాళ్ళు చాపుకుంది.

"ఎక్కుతానురా. నా రెండు మోకాళ్ళూ నువ్వు మోసుకొస్తే ఎక్కుతాను. స్టేషనుకి ఆటో కూడా మాటాడీ."

వరండా అంతా నవ్వింది. నేను తగ్గలేదు. "నా మిషను అలాక్కాదు. దానికి మోకాళ్ళే లేవు. ఎక్కడికీ పోదు!"

"మిషను పోదురా," అన్నాడు గార్డు మావయ్య. "నువ్వు పోతావు. తొమ్మిదో క్లాసులోంచే పోయినోడివి."

ఈసారి నవ్వు వీధి దాకా వినిపించింది. నాకూ నవ్వొచ్చింది. నా మీద మంచి జోకు ఎవరు వేసినా ఒప్పుకోవాలి కదా. కానీ నవ్వుతూనే, పూజ మర్నాడు కబాడీవాడి లారీ షెడ్డు ముందు ఆగడం కనిపించింది. కూర్చుండిపోయేను. నేను మాట్లాడకుండా కూర్చోవడం ఆ వరండాలో ఎవరూ అంతకుముందు చూసి ఉండరు. నవ్వులు వాటంతట అవే ఆగేయి.

చెప్పుల దగ్గర నుంచి మా నాన్న లేచేడు. అందర్నీ దాటుకుంటూ అత్త దగ్గరికొచ్చి చెయ్యి చాపేడు.

"కాయితం ఎక్కడ?"

"చదివి పెట్టన్నయ్యా," అంది అత్త.

ఆయన చదివేడు. వెనక్కి తిప్పి అటువైపు కూడా చదివేడు, అటువైపు ఏమీ లేదు. ప్లాంటు హాజరీలో పెట్టినట్టే పొడుగ్గా సంతకం పెట్టి, కింద గీత గీసి, పెన్ను మూత పెట్టి అత్తకిచ్చేసి, తిరిగి వెళ్ళి చెప్పుల దగ్గర కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. అత్త డబ్బు నా చేతిలో పెట్టి, "లెక్క చూసుకో. నీకు లెక్కలు రావు గాని చూసుకో," అంది.

లెక్క చూసుకుంటే తక్కువొచ్చింది. ఎందుకు రాదు? నా మీద నేను పాడుకున్నది ఎవడు ఇస్తాడు? ఆ తక్కువకి నా మోటారు సైకిలు సేఠ్‌జీ తీసుకున్నాడు. విశ్వకర్మ పూజ రోజున మిషనుకి పసుపు రాసి, బంతిపూల దండ వేసి, సేఠ్‌జీ కొబ్బరికాయ నా చేతికే ఇచ్చేడు. మొదటి దెబ్బకి పగల్లేదు. "పర్వాలేదు, మాలిక్ నువ్వే, తొందరేం లేదు," అన్నాడాయన. మాలిక్ అన్న మాట విని రెండో దెబ్బ నా వేలి మీద వేసుకున్నాను.

సాయంత్రం షెడ్డుకి నేనే తాళం వేసి బయటికొస్తే, రోడ్డు పక్కన మా నాన్న మోపెడ్ మీద కూర్చుని ఉన్నాడు. నాకు బండి లేదని తీసుకెళ్ళడానికొచ్చేడు. వేలికి గుడ్డ కట్టుకుని వెనక కూర్చున్నాను. మోపెడ్ మీద ఆయన ఎప్పుడూ నడిచేవాళ్ళతో సమానంగా వెళ్తాడు కాబట్టి మాట్లాడుకోవడం సులువు. అడగకుండా ఆగలేకపోయేను.

"నాన్నా, తాళం లేనిచోట నువ్వు పైసా పెట్టలేదు కదా ఇన్నాళ్ళూ. నన్ను నమ్మి అంత పెద్ద సంతకం ఎలా పెట్టీసేవు?"

ఆయన మోపెడ్ ఆపలేదు, వెనక్కి తిరగలేదు.

"నిన్ను నమ్మి పెట్టేనని ఎవడు చెప్పేడ్రా నీకు? నువ్వు భోజనానికి పోయినప్పుడు వచ్చి చూసేను. ఆ మిషనుని నాలుగు పక్కలా బోల్టులేసి నేలకి బిగించీసున్నారు. పట్టుకుని లాగి చూసేను, కదల్లేదు. సంతకం దానికి పెట్టేను. నీకెవడు పెడతాడ్రా?"